సొంత పీసీలో మ్యాక్‌ఓఎస్: ఏ గ్రాఫిక్స్ కార్డు మేలు? అసలు మ్యాక్ మినీయే మేలా?

మా బావమరిది తణుకులో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. శ్రావణ మాసం పెళ్లిళ్ల పని తేలాక ఫోన్ చేసి, "బావా, నీ పీసీలో ఫైనల్ కట్ నడుస్తోంది కదా. నాకూ అలాంటిది ఒకటి సెట్ చేసి పెట్టు. గ్రాఫిక్స్ మాత్రం గట్టిగా ఉండాలి, టైమ్‌లైన్ ఆగి ఆగి పోతుంటే పని సాగట్లేదు" అన్నాడు. ఫైనల్ కట్ అంటే యాపిల్ వాళ్ల వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. నేను వాడేది సొంతంగా బిగించుకున్న పీసీ. ఐ5-10400 ప్రాసెసర్, బీ460 బోర్డు, 32 జీబీ ర్యామ్. దాంట్లో ఓపెన్‌కోర్ (మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్‌ని బూట్ చేయించే సాఫ్ట్‌వేర్) ద్వారా మ్యాక్‌ఓఎస్ వేసుకుని కొన్నేళ్లయింది. ఈలోగా గ్రాఫిక్స్ మూడు రకాలుగా మార్చి చూశాను. వాడికి ఏం చెప్పాలా అని కూర్చుని ఆలోచించినప్పుడు తేలిన విషయాలు ఇవి.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మ్యాక్‌ఓఎస్ లైసెన్సు ప్రకారం దాన్ని యాపిల్ కంప్యూటర్ల మీదే నడపాలి. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ మామూలు పీసీల్లో మ్యాక్‌ఓఎస్ వేసి అమ్మితే యాపిల్ 2008లో కేసు వేసి, 2009లో గెలిచింది. 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఇంట్లో ప్రయోగం కోసం చేసుకునేవాళ్లయినా ఈ సంగతి తెలిసే దిగాలి. నలుగురి దగ్గర అడ్వాన్సులు తీసుకుని పనిచేసేవాళ్లు ఇంకా బాగా ఆలోచించుకోవాలి.

ఇక గ్రాఫిక్స్ సంగతి. విండోస్‌లో ఏ కార్డు కొన్నా దానికి కంపెనీ డ్రైవర్ ఇస్తుంది, వేసుకుంటే అయిపోతుంది. మ్యాక్‌ఓఎస్‌లో అలా ఉండదు. యాపిల్ తన మ్యాక్‌లలో ఏ చిప్పులు వాడిందో వాటికే డ్రైవర్లు ఉంటాయి. అందుకని కార్డు ఎంత పవర్‌ఫుల్ అన్నది రెండో ప్రశ్న. ఆ చిప్పు ఏదో ఒక మ్యాక్‌లో ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా డబ్బు పెట్టి నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎన్‌విడియా విషయం రెండు ముక్కల్లో తేలిపోతుంది. జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులకు ఎన్‌విడియా సొంతంగా ఇచ్చిన డ్రైవర్లు 2017 నాటి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ హై సియెరాతో ఆగిపోయాయి. ఆర్‌టీఎక్స్ కార్డులకు అసలు రానేలేదు. ఇంకా పాత కెప్లర్ తరం కార్డులు మాత్రం తర్వాతి వెర్షన్లలో బిగ్ సర్ వరకు నడిచి, మాంటెరేలో పోయాయి. మా బావమరిది పీసీలో ఉన్నది జీటీఎక్స్ 1050 టీఐ. అంటే హై సియెరా దాటి వెళ్లలేదు. ఆ సిస్టమ్ మీద ఇప్పటి ఫైనల్ కట్ గానీ, ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) గానీ ఎక్కవు. కాబట్టి ఆ కార్డుతో మ్యాక్‌ఓఎస్ ఆశ వదులుకోవాల్సిందే.

కార్డు ఏమీ లేకుండా ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌తో నడిపితే ఎలా ఉంటుందంటే, నేను మొదట్లో చేసింది అదే. 8, 9, 10 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిలో ఉండే యూహెచ్‌డీ 630కి మ్యాక్‌ఓఎస్‌లో సొంత డ్రైవర్ ఉంది, యాపిల్ గ్రాఫిక్స్ సాంకేతికత మెటల్ 3 కూడా అందులో నడుస్తుంది. కోడింగ్‌కి, బ్రౌజింగ్‌కి, టెలిగ్రామ్‌లో వచ్చిన ఫుటేజీ చూసుకోవడానికి చాలు. కానీ రెండు లేయర్ల 4కే వీడియో మీద కలర్ కరెక్షన్ వేయగానే ప్లేబ్యాక్ తడబడుతుంది. చాలా బోర్డుల్లో హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం కావడం వల్ల 4కే మానిటర్ పెడితే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మౌస్ కదిలించినప్పుడే ఆ తేడా కంటికి తెలుస్తుంది. 11వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్‌కి అయితే డ్రైవరే లేదు, ఎందుకంటే యాపిల్ ఆ ప్రాసెసర్లతో మ్యాక్‌లు చేయలేదు.

రెండోసారి ఆర్ఎక్స్ 580 కొన్నాను. హ్యాకింతోష్ (మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్) నడిపేవాళ్లకు ఏళ్ల తరబడి అందరూ చెప్పే పేరు అదే. 2017లో వచ్చిన కార్డు, 8 జీబీ మెమరీ, ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే నడుస్తుంది. 2022 సెప్టెంబరులో ఇథీరియం క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా వచ్చాయి, ధర బాగా దిగింది. నేనూ ఒక షాపులో అలాంటిదే కొన్నాను. డబ్బా మీద ఆర్ఎక్స్ 580 8 జీబీ అని స్పష్టంగా ఉంది. ఇంటికొచ్చి పెడితే విండోస్‌లో బాగానే ఉంది, మ్యాక్‌ఓఎస్‌లో మాత్రం డ్రైవర్ ఎక్కలేదు. రెండు రాత్రులు ఓపెన్‌కోర్ ఫైళ్లు తిరగేసి తిరగేసి, చివరికి విండోస్‌లో జీపీయూ-జెడ్ అనే టూల్ పెట్టి చూస్తే 2048 షేడర్లు (చిప్పులోని చిన్న లెక్కింపు యూనిట్లు) అని చూపించింది. అసలు ఆర్ఎక్స్ 580కి 2304 ఉండాలి. అది 2048ఎస్‌పీ అనే వేరే రకం, లోపల ఆర్ఎక్స్ 570తో సమానం. దాని డివైస్ ఐడీ వేరు కావడం వల్ల మ్యాక్‌ఓఎస్ గుర్తుపట్టదు. ఐడీని 67డీఎఫ్ అని మార్చి చూపిస్తే నడిచింది. షాపులో అడిగితే "580 అంటే 580యే సార్" అన్నారు. అప్పటికి పాతికసార్లు బూట్ చేసి ఉంటాను. మీరు కొంటే షాపులోనే ఒక సిస్టమ్‌లో పెట్టించి షేడర్ల లెక్క చూసుకోండి. మైనింగ్‌లో వాడినవాటికి కార్డులోని బయాస్ (లోపలి ప్రోగ్రామ్) మార్చి ఉండే అవకాశం కూడా ఉంది. అదీ అడిగి తెలుసుకోండి.

నడిచాక ఆ కార్డు పని బాగానే చేసింది. కానీ దానికి ఒక పెద్ద లోటు ఉంది. 2022లో యాపిల్ తెచ్చిన మెటల్ 3 ఈ కార్డులోని పొలారిస్ రకం చిప్పుల్లో నడవదు. అంటే యూహెచ్‌డీ 630కి ఉన్నది కూడా దీనికి లేదు. పైగా 185 వాట్లు లాగుతుంది, మా గదిలో వేసవిలో ఆ వేడి తెలిసేది. ఎవరైనా ఊరికే ఇస్తే వాడుకోవచ్చు గానీ, ఇప్పుడు డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను.

మూడోది ఆర్ఎక్స్ 6600. ఇప్పుడు నా పీసీలో ఉన్నది ఇదే, ఇప్పటికే తగిన పీసీ ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పే పేరు కూడా ఇదే. యాపిల్ తన ఇంటెల్ మ్యాక్ ప్రో కోసం డబ్ల్యూ6600ఎక్స్, డబ్ల్యూ6800ఎక్స్, డబ్ల్యూ6900ఎక్స్ అనే మాడ్యూళ్లు అమ్మింది. వాటిలోని చిప్పులే మనకు దొరికే ఆర్ఎక్స్ 6600, 6600 ఎక్స్‌టీ, 6800, 6800 ఎక్స్‌టీ, 6900 ఎక్స్‌టీ కార్డుల్లోనూ ఉన్నాయి. అందుకే ఇవి నడుస్తాయి. మధ్యలో ఉన్న 6700 ఎక్స్‌టీ చిప్పును యాపిల్ ఏ మ్యాక్‌లోనూ పెట్టలేదు, కాబట్టి దానికి సొంత డ్రైవర్ లేదు. నూట్‌ఆర్ఎక్స్ అనే కెక్స్ట్ (మ్యాక్‌ఓఎస్‌కి జోడించే డ్రైవర్ లాంటి ఫైలు)తో నడిపించేవాళ్లున్నారు గానీ రోజూ పనికి వాడే సిస్టమ్‌లో ఆ టెన్షన్ ఎందుకు? 6500 ఎక్స్‌టీ, 6400, మొత్తం 7000 సిరీస్ కూడా పనికిరావు. 6600 కంటే 6700, దానికంటే 7600 మెరుగు అనుకుని కొనేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

6600లో 8 జీబీ మెమరీ, సెకనుకు 224 జీబీ బ్యాండ్‌విడ్త్, 132 వాట్లు. ఒక్క 8 పిన్ కేబుల్ చాలు, 450 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) సరిపోతుంది. 6800 ఎక్స్‌టీ 16 జీబీతో ఇంకా బలమైనదే కానీ 300 వాట్లు లాగుతుంది. ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ గాలి, యూపీఎస్ అన్నీ మార్చుకోవాలి. కరెంటు పోయినప్పుడు నా చిన్న యూపీఎస్ మీద 6600 ఉన్న సిస్టమ్‌ని ఫైలు సేవ్ చేసుకుని నెమ్మదిగా ఆపుకోగలుగుతున్నాను, నాకు అది ముఖ్యం. 3డీ పని చేసేవాళ్లకు, 8కే ఫుటేజీ ఉన్నవాళ్లకు తప్ప 6800 ఎక్స్‌టీ అవసరం నాకు కనిపించలేదు.

పెట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. 6600కి మాంటెరే 12.1 లేదా తర్వాతి వెర్షన్ కావాలి. పీసీ బయాస్‌లో అబౌ 4జీ డీకోడింగ్ ఆన్, సీఎస్ఎం ఆఫ్, సెక్యూర్ బూట్ ఆఫ్. రీసైజబుల్ బార్ మొదటిసారికి ఆపేయడమే సులువు. లిలు, వాటెవర్‌గ్రీన్ కెక్స్ట్‌లు ఉండాలి. బూట్ ఆర్గ్యుమెంట్లలో ఏజీడీపీమాడ్=పికెరా (agdpmod=pikera) అని పెట్టడం మరిచిపోతే యాపిల్ గుర్తు వచ్చి, గీత నిండుతూ నిండుతూ తెర నల్లబడిపోతుంది. అప్పుడు కార్డు పోయిందని కంగారు పడొద్దు, ఆ ఒక్క మాట చేర్చి చూడండి.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. కార్డు పెట్టాక ఇంటెల్ గ్రాఫిక్స్‌ని బయాస్‌లో ఆపేయకండి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టి, లోపలి గ్రాఫిక్స్‌ని తెర లేకుండా వీడియో డీకోడింగ్ కోసం వెనక పనిచేయనివ్వండి. 10వ తరానికి ఐమ్యాక్ 20,1 ఎస్ఎంబయాస్ (పీసీని ఏ మ్యాక్‌లా చూపించాలో చెప్పే సెట్టింగ్), దానికి తగ్గ కనెక్టర్లు లేని ప్లాట్‌ఫామ్ ఐడీ పెడితే రెండూ కలిసి పనిచేస్తాయి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి మ్యాక్‌ప్రో 7,1 ఎంచుకోవాలి. అప్పుడు ర్యామ్ సరిగా పెట్టలేదని ఒక హెచ్చరిక వస్తుంది, రిస్ట్రిక్ట్‌ఈవెంట్స్ అనే కెక్స్ట్ దాన్ని ఆపుతుంది.

ఇంతవరకు విని మా బావమరిది, "అయితే నాకు పదో తరం ప్రాసెసర్, 6600 కొనిపెట్టు బావా" అన్నాడు. ఇక్కడే నేను ఆగాను. ఉన్న పీసీలో కార్డు వేసుకోవడం ఒక లెక్క, మ్యాక్‌ఓఎస్ కోసమే కొత్తగా పీసీ బిగించడం వేరే లెక్క.

ఎందుకంటే యాపిల్ 2020లోనే ఇంటెల్‌ను వదిలి సొంత చిప్పులకు మారింది. 2025లో వచ్చిన టాహో ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్ అని యాపిలే ప్రకటించింది. అందులోనూ బోర్డు మీది సౌండ్‌కి ఆధారమైన యాపిల్‌హెచ్‌డీఏ తీసేయడంతో హ్యాకింతోష్‌లలో ఆడియో కోసం వేరే దారి వెతుక్కోవాలి. సొనోమా వెర్షన్‌లో పాత బ్రాడ్‌కామ్ వైఫై కార్డుల డ్రైవర్లు అంతకుముందే పోయాయి. అంటే ఈ దారి ఎక్కడ ఆగుతుందో ఇప్పటికే తెలుసు.

దీనికి ఎదురుగా ఎం4 మ్యాక్ మినీ ఉంది. 2024 అక్టోబరులో ప్రకటించినప్పుడు ధర ₹59,900. 16 జీబీ మెమరీ, 10 కోర్ల గ్రాఫిక్స్. కాగితం మీద చూస్తే దీని మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 120 జీబీయే, 6600లో సగానికి కాస్త ఎక్కువ. అందుకని గ్రాఫిక్స్‌ని బాగా వాడే ఎఫెక్టుల్లో, ఉదాహరణకు రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించడంలో, 6600 ఉన్న పీసీ వెనకబడదు. నేను 6600ని ఇష్టపడేది అందుకే. ర్యామ్ ఎప్పుడంటే అప్పుడు పెంచుకోవచ్చు, హార్డ్ డిస్కులు లోపలే పెట్టుకోవచ్చు, విండోస్ కూడా అదే పీసీలో ఉంటుంది. మినీలో కొన్నప్పుడు ఉన్న మెమరీయే చివరిదాకా.

కానీ పెళ్లి వీడియో పని తీరు వేరు. వాడి సోనీ కెమెరాలో 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ (రంగుల వివరం ఎక్కువగా ఉండే వీడియో ఫార్మాట్)లో తీస్తాడు. ఆ రకం ఫైళ్లను హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి 6600లోనూ లేదు, యూహెచ్‌డీ 630లోనూ లేదు, మొత్తం భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. యాపిల్ ఎం చిప్పుల్లో దానికోసం ప్రత్యేక భాగం ఉంది. ఎం4లో యాపిల్ సొంత వీడియో ఫార్మాట్ ప్రోరెస్‌కీ ఉంది. వాడు పంపిన తలంబ్రాల క్లిప్ ఒకటి నా పీసీలో పెట్టి చూశాను. ఒక్క లేయర్ నడిచింది. మూడు కెమెరాలు కలిపి మల్టీక్యామ్ చేయగానే ఫ్రేములు జారాయి, గ్రాఫిక్స్ కార్డు మాత్రం దాదాపు ఖాళీగా ఉంది. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసే తేలికపాటి నకళ్లు) తయారుచేసుకుంటే సాఫీగా నడిచింది కానీ, సీజన్‌లో రోజుకో పెళ్లి ఉన్నప్పుడు ఆ ప్రాక్సీలకు పట్టే గంటలు ఎవరు ఇస్తారు? ఫైనల్ కట్ 11లో వచ్చిన మ్యాగ్నెటిక్ మాస్క్ కూడా యాపిల్ చిప్పు ఉంటేనే పనిచేస్తుంది.

కాబట్టి వాడికి మినీయే మేలని చెప్పాను. 8, 9, 10 తరాల ఇంటెల్ పీసీ ఇప్పటికే ఉండి, 8 బిట్ ఫుటేజీతోనో, ఐఫోన్ యాప్‌ల కోడింగ్‌తోనో పని గడిచేవాళ్లకు 6600 మేలు. టాహోకి ముందు వెర్షన్ సెకోయా 15.6 మీద, 2025లో వచ్చిన తొలి ఎక్స్‌కోడ్ 26 కూడా నడుస్తుంది. మ్యాక్‌ఓఎస్ ఆగిపోయాక కూడా ఆ కార్డు విండోస్‌లో పనికొస్తుంది. 12, 13, 14 తరాల ప్రాసెసర్ ఉన్నవాళ్లు దాన్ని పదో తరంలా చూపించి నడపవచ్చు. అయితే లోపలి గ్రాఫిక్స్ రాదు కాబట్టి కార్డు తప్పనిసరి. ఓపిక ఉంటేనే దిగండి.

వాడు విజయదశమికి మినీ కొన్నాడు. దాని లోపలి 256 జీబీ స్టోరేజీ ఎటూ చాలదు కాబట్టి 1 టీబీ ఎన్‌వీఎంఈ కొని యూఎస్‌బీ-సీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి, ఫైనల్ కట్ లైబ్రరీని దాంట్లోనే ఉంచమన్నాను. 1050 టీఐ ఉన్న పాత పీసీ విండోస్‌తోనే ఉంది, పాత పెళ్లిళ్ల బ్యాకప్‌లన్నీ దాని డిస్కుల్లో ఉన్నాయి. నా పీసీని టాహోకి తీసుకెళ్లకుండా సెకోయాలోనే ఉంచాను.