10-18 వైడ్ లెన్స్‌తో ఐదేళ్లు: మైపాడు నుంచి ఉదయగిరి దాకా

ఐదేళ్ల కిందట నెల్లూరులో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర ఈ 10-18 ఎంఎం లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఈ ఎంఎం అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత వెడల్పు పడుతుంది. నా కెమెరా క్రాప్ సెన్సర్‌ది, అంటే ఫొటో పట్టే సెన్సర్ చిన్నది, కాబట్టి పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా లెక్కలో ఇది సుమారు 16-29 అవుతుంది. అప్పటిదాకా కెమెరాతో పాటు వచ్చిన 18-55తోనే తీసేవాణ్ణి. మైపాడు బీచ్‌లో నిలబడితే కంటికి కనిపించేదంతా ఫ్రేములో పట్టడం లేదన్న కొరత ఉండేది. వైడ్ లెన్స్ కొంటే అది తీరిపోతుందనుకున్నాను.

మొదటి ఆరు నెలల ఫొటోలు ఇప్పుడు తీసి చూస్తే పైన ఖాళీ ఆకాశం, కింద ఖాళీ ఇసుక, మధ్యలో దారం లాగా సముద్రం. అన్నీ పట్టాయి గానీ కన్ను నిలవడానికి చోటు లేదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఉదయగిరి. ఊళ్లో నిలబడి చూస్తే ఆ కొండ ఎంత నిండుగా కనిపిస్తుందో ఆ వైపు వాళ్లందరికీ తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద నెలల తరబడి ముట్టడి చేసి 1514లో గెలిచిన దుర్గం అది. అంతటి కొండ నా 10 ఎంఎం ఫొటోలో చీమల పుట్టంత అయింది. తప్పు లెన్స్‌ది కాదని తర్వాత అర్థమైంది. ఒకే చోట నిలబడి ఏ లెన్స్‌తో తీసినా, ముందున్న చెట్టుకూ వెనకున్న కొండకూ ఉండే పరిమాణాల తేడా మారదు. మనం నిలబడే చోటు మారితేనే అది మారుతుంది. వైడ్ లెన్స్ చెట్టుకు బాగా దగ్గరగా వెళ్లనిస్తుంది, అందుకే చెట్టు పెద్దదై కొండ చిన్నదవుతుంది. కొండే ముఖ్యమైనప్పుడు ఈ లెన్స్ వాడకూడదు. ఇప్పుడు ఉదయగిరిని కింది నుంచి తీయాలంటే 50 దగ్గర పెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుని, ఒకదాని మీద ఒకటి మూడో వంతు కలిసేలా ఐదారు ఫ్రేములు తీసి ఇంట్లో పనోరమాగా కలుపుతాను. కొండ కొండలాగే వస్తుంది.

ఈ లెన్స్ ఎందుకు పనికొస్తుందో నాకు మైపాడులోనే తెలిసింది. ఒక జనవరి తెల్లవారుజామున, సూర్యోదయానికి ముప్పావుగంట ముందే వెళ్లి నీళ్లకు దూరంగా ట్రైపాడ్ వేసుకుని నిలబడ్డాను. పడవ పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన, "ఏందబ్బయ్యా, అంత దూరాన నిలబడి ఏం తీస్తా ఉండావు? పడవ కాడికి రా" అన్నాడు. ఆయన మాట తీసెయ్యలేక వెళ్లాను. ట్రైపాడ్ మోకాలి ఎత్తుకు దించి, పడవ ముక్కుకు రెండడుగుల దూరంలో పెట్టి చూస్తే అసలు కథ అక్కడ ఉంది. పడవకు కట్టిన తాడు ఫ్రేము మూల నుంచి మొదలై మెలికలు తిరుగుతూ నీళ్ల దాకా పోతోంది. పడవ అంచున ఊడిపోతున్న నీలం రంగు, తడి ఇసుకలో ఆకాశపు ఎరుపు, అన్నీ ఒక దారిలో వచ్చాయి. ట్రైపాడ్ ఇంకో అరడుగు కిందికి దించితే పడవ అంచు సముద్రపు గీతను దాటి ఆకాశంలోకి లేచింది. ఇంత దగ్గరలో జానెడు జరిగినా వేరే ఫొటో అయిపోతుంది.

అప్పటి నుంచి బీచ్‌కి వెళ్తే ముందు కెమెరా తీయను. పదిహేను నిమిషాలు కిందికి చూస్తూ నడుస్తాను. అల లాగేసిన ఇసుకలో గీతలు, పీతల బొరియల చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు, తెగిన వల ముక్క, ఏదో ఒకటి దొరుకుతుంది. ఏదీ దొరక్కపోతే వైడ్ లెన్స్ బ్యాగులోనే ఉండిపోతుంది.

ఫోకస్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. 10 ఎంఎం దగ్గర ఎఫ్/8 పెట్టి (ఇది లెన్స్ లోపలి రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), సుమారు మీటరు దూరంలో ఉన్నదాని మీద ఫోకస్ చేస్తే, అర మీటరు నుంచి ఆకాశం అంచు దాకా సరిపడా స్పష్టత వస్తుంది. ఎఫ్/16 దాటిస్తే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల, ఫొటో మొత్తం మెత్తబడి స్పష్టత తగ్గుతుంది, అందుకే ఎఫ్/11 దగ్గరే ఆగుతాను.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర మాత్రం వేరే పద్ధతి. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆపి ఉన్నప్పుడు, గాలి లేకపోతే నీళ్లు అద్దంలా ఉంటాయి. అక్కడ ఆకాశపు గీతను సరిగ్గా నడిమధ్య పెడతాను. పైనా కిందా ఒకే మేఘం ఉన్నప్పుడు గీతను ఫ్రేములో మూడో వంతు దగ్గర పెట్టాలనే నియమం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పైగా వైడ్ లెన్స్‌లో గీత నడుమ ఉంటే తిన్నగా ఉంటుంది, అంచుకు జరిపితే విల్లులా వంగుతుంది. కోవూరు వైపు నాట్లకు ముందు నీళ్లు పెట్టిన మళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఆకాశపు నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ ఈ లెన్స్‌కి కొనకండి అనే చెప్తాను, కనీసం ఆకాశం కోసమైతే వద్దు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీదే దాని ప్రభావం ఎక్కువ. ఇంత వెడల్పు ఫ్రేములో ఒక పక్క ముదురు నీలం, మరో పక్క వెలిసిన నీలం వస్తాయి. ఎడిటింగ్‌లో అది సరిచేయడం నరకం.

ఎడిటింగ్‌కి వస్తే, రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయని ఫొటోలు) తీసి లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. మొదట లెన్స్ వంపుల్ని సరిచేసే లెన్స్ ప్రొఫైల్, తర్వాత గీత వంకర సరిచేయడం. తీసేటప్పుడే ఆకాశం తెల్లగా కాలిపోకుండా కొంచెం చీకటిగా తీసి, నేల మీద నీడల్ని ఇక్కడ లేపుతాను. ఆకాశానికీ నేలకూ విడివిడిగా మాస్కులు వేస్తాను, అంటే ఒక్కో భాగాన్నే ఎంచుకుని మార్చుతాను. ఒకప్పుడు రంగుల గాఢత పెంచే శాచురేషన్ స్లైడర్ బాగా లాగేవాణ్ణి. వరి మళ్లు ప్లాస్టిక్ చాపల్లా కనిపించేవి. ఇప్పుడు దాన్ని ముట్టుకోను, ఆకుపచ్చను కొద్దిగా పసుపు వైపు జరిపి వదిలేస్తాను. పెన్నా కింద పండే వరి కంటికి అలాగే ఉంటుంది. ఎండాకాలం తెల్లబారిన ఆకాశానికి మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ కొంచెమే పనిచేస్తుంది, ఎక్కువ లాగితే మురికి రంగు వస్తుంది. మే నెల మధ్యాహ్నాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల మేఘాలు వచ్చినప్పుడు ఒక్క సాయంత్రం వెళ్లండి, ఎడిటింగ్ పని సగం తగ్గిపోతుంది.

వస్తువుగా చెప్పాలంటే, లెన్స్‌ను కెమెరాకు బిగించే ప్లాస్టిక్ మౌంట్ ఐదేళ్లలో వదులు కాలేదు. జూమ్ రింగులో ఇసుక చేరి ఒకసారి కరకరలాడింది. కొత్తపట్నంలో గాలి ఎక్కువున్న రోజు అద్దం మీద ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో తుడిచాను, సన్నటి గీత పడింది. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, తర్వాత కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఈ లెన్స్ రంధ్రం ఎఫ్/4.5 కంటే పెద్దగా తెరుచుకోదు, చీకట్లో అది చాలదు, నక్షత్రాల కోసమైతే వేరేది చూసుకోండి. బరువు పావు కిలో కూడా లేదు, కొండెక్కేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

పోయిన డిసెంబరులో ఉదయగిరి కొండెక్కాను, ఈసారి ఈ లెన్స్ ఒక్కటే పట్టుకుని. పైన కూలిన కోట గోడకు అడుగున్నర దూరంలో కూర్చుని 12 దగ్గర తీశాను. రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి, ఎండిన నాచు ఫ్రేము సగం నిండాయి. గోడ చివర, బాగా కింద, ఊరంతా గుప్పెడు బియ్యం గింజలు చల్లినట్టు వచ్చింది. ఆ ఫొటో ప్రింట్ తీయించి హాల్లో పెట్టుకున్నాను.