మైకోరైజా సంచి కొనేవాళ్లు ఇది చదివాక కొనండి

బేతంచెర్ల వైపు మాకు మూడెకరాల నేల ఉంది. మా నాయన హయాంలో నాపరాళ్ల గనికి ఇచ్చాం. రాయి అయిపోయాక గనివాళ్లు వెళ్లిపోయారు, మాకు రాతి పెచ్చుల దిబ్బలు మిగిలాయి. అక్కడ మళ్లీ చెట్లు చూడాలని కానుగ, వేప కలిపి 600 మొక్కలు పెట్టాను. వాటికోసం ఎరువుల షాపులో మైకోరైజా గుళికలు, అంటే వేర్లలో ఉండి మొక్కకు సాయపడే శిలీంధ్రం ఉందని చెప్పే గుళికలు, కొని మోసపోయాను.

మైకోరైజా అబద్ధమని అనడం లేదు. సున్నపురాయి నేలలో భాస్వరం ఉన్నా సున్నం దాన్ని పట్టేసుకుంటుంది, మొక్కకు సరిగా అందదు. ఈ శిలీంధ్రం వేరులో కాపురం పెట్టి, వేరు దూరలేని సందుల్లోకి సన్నని పోగులు చాపి ఆ భాస్వరాన్ని లాక్కొస్తుంది. బదులుగా చెట్టు దగ్గర చక్కెర తీసుకుంటుంది. నాగపూర్ దగ్గరి గుంగావ్ మాంగనీస్ గని దిబ్బల మీద నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని నత్రజని అందించే రైజోబియం, అజటోబాక్టర్ బాక్టీరియాతో కలిపి వాడి చెట్లు పెంచారు. షాపతను నాకు ఆ సంగతే చెప్పాడు. వాళ్లు దిబ్బలో చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి, ప్రెస్‌మడ్ కూడా కలిపారని మాత్రం చెప్పలేదు.

4 కిలోల సంచి 950 రూపాయలు. తొమ్మిది తెచ్చాను. ఆగస్టులో గుంతకు గుప్పెడు చొప్పున వేసి నాటాం. చివరి రోజు మా పెద్దనాయన "ఈ నల్ల గుళికల మీద నాకు నమ్మకం లేదురా" అని, చెరువు గట్టు మీది ముసలి కానుగ కింద మట్టి గంపల్లో మోయించి 40 గుంతల్లో వేయించాడు. అందుకే ఒక సంచి విప్పకుండా మిగిలింది.

ఫిబ్రవరికి గుళికలు వేసిన 560లో బతికినవి 170. పెద్దనాయన 40లో 34. ఆ మట్టిలో కుళ్లిన ఆకు కూడా ఉంది కాబట్టి తేడా అంతా శిలీంధ్రం వల్లే అనను. కానీ అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా చెల్లెలి కూతురు రెండు రకాల మొక్కల సన్నవేర్లు తీసుకెళ్లి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, ట్రైపాన్ బ్లూ రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసింది. గట్టు మట్టి వేసిన వేరులో నీలం పోగులు, మధ్యమధ్య గుండ్రటి తిత్తులు, అంటే శిలీంధ్రం పట్టింది. గుళికలు వేసిన వేరు ఖాళీ. ఆ గుళికలు గ్లాసు నీళ్లలో వేశాం. ఐదు నిమిషాల్లో నీళ్లు డికాషన్‌లా నల్లబడ్డాయి, అడుగున తెల్లటి బంకమట్టి ఉండలు మిగిలాయి.

మోసం సంచి మీదే ఉంది, చదవడం నాకు రాలేదు. "గ్రాముకు ఇన్ని కోట్ల సీఎఫ్‌యూ" అని అచ్చేశారు. సీఎఫ్‌యూ అంటే ప్లేటు మీద సూక్ష్మజీవులను పెంచి, వచ్చిన గుంపులను లెక్కపెట్టే లెక్క, రైజోబియం లాంటి బాక్టీరియాకు సరిపోతుంది. ఈ మైకోరైజా బతికున్న వేరు లేకుండా పెరగదు, దానికి ఆ లెక్కే కుదరదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకు కనీసం 100 బతికున్న ప్రాపగ్యూల్స్ ఉండాలి, అంటే కొత్త వేరును పట్టుకోగల బీజాలు, పోగులు, వేరు ముక్కలు. సంచి మీద ఆ మాట, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు లేకపోతే తిరిగి ఇచ్చేయండి. అన్ని చెట్లకూ ఇదొక్కటే చాలన్నా నమ్మకండి. కానుగకు నత్రజని తెచ్చేది రైజోబియం, సరుగుడుకు ఫ్రాంకియా అనే ఇంకో బాక్టీరియా.

ఇంకొకటి. షాపతని మాట విని వారానికే భాస్వరం ఎక్కువుండే డీఏపీ కూడా వేశాను. భాస్వరం సులువుగా దొరికితే మొక్క ఈ శిలీంధ్రాన్ని పెద్దగా రానివ్వదు. సరుకు మంచిదైనా ఆ డీఏపీతో సగం పని చెడేదే.

ఎక్కువ కొనేముందు ఒక్క సంచి తెచ్చి, బాగా ఉడికించి ఆరబెట్టిన ఇసుకలో ఆ గుళికలు కలిపి జొన్న వేసి, నెలన్నర తర్వాత వేరు పరీక్ష చేయించండి. నేను విప్పని సంచి, బిల్లు పట్టుకెళ్లి మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు రాసిచ్చాను. మీరూ బిల్లు, ఖాళీ సంచులు పారేయకండి.

ఈ తొలకరికి ఖాళీ గుంతల్లో గట్టు మట్టి, పశువుల ఎరువు కలిపి వేస్తున్నాం. ఒక్కోచోట గంపెడుకు మించి తవ్వనివ్వడం లేదు. ఆ ముసలి కానుగ వేర్లు బయటపడకుండా పెద్దనాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.