గేమ్ స్టోర్లలో ‘కో-ఆప్’, ‘మల్టీప్లేయర్’ లేబుళ్లు: ఏళ్ల తరబడి వాడాక మా సమీక్ష

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పేజీ తెరిస్తే ‘కో-ఆప్’ (ఆటగాళ్లు ఒకే పక్షాన కలిసి ఆడటం) అనే మాట రెండు చోట్ల కనిపించవచ్చు. ఒకటి, వివరణ కింద చిన్న డబ్బాల్లో ఉండే ట్యాగుల్లో. రెండోది, కుడి పక్క నిలువు వరుసలో ఉండే ఫీచర్లలో. ట్యాగుల పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి ఆటగాళ్లు కూడా తమకు తోచినవి చేర్చవచ్చు. కుడి వరుస మాత్రం గేమ్ తయారుచేసినవాళ్లు నింపి ఇచ్చేది. డబ్బు పెట్టేముందు నమ్మాల్సింది దీన్నే. కానీ ముందు కంటపడేవి ట్యాగులు కాబట్టి చాలామంది వాటితోనే ఆగిపోతారు.

2016లో వచ్చిన ఓవర్‌కుక్డ్ మొదటి భాగం చూడండి. నలుగురు కలిసి వంటగదిలో పరుగులు పెట్టే ఆట, కో-ఆప్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చే పేరు. కానీ అది ఒకే తెర ముందు కూర్చున్నవాళ్ల కోసం చేసింది, ఆన్‌లైన్ లేదు. ఒకరు కూకట్‌పల్లిలో, ఇంకొకరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి చెరో కాపీ కొన్నారనుకోండి, మెనూ అంతా గాలించినా స్నేహితుణ్ని పిలిచే బటన్ దొరకదు. ఆన్‌లైన్ 2018లో వచ్చిన రెండో భాగంలో చేరింది. పేజీలో అబద్ధం లేదు. కుడి వరుసలో ‘షేర్డ్ లేదా స్ప్లిట్ స్క్రీన్ కో-ఆప్’ అనే రాసి ఉంటుంది, ‘ఆన్‌లైన్ కో-ఆప్’ అని ఉండదు. లేని మాటను గమనించడం నేర్చుకోవాలి, ఇబ్బంది అక్కడే. 2017 నాటి కప్‌హెడ్‌దీ, 2022 నాటి లెగో స్టార్ వార్స్ స్కైవాకర్ సాగాదీ ఇదే కథ. రెండూ ఇద్దరికే, రెండూ ఒకే గదిలో.

ఇట్ టేక్స్ టూ విషయంలో ఇది తిరగబడుతుంది. అక్కడ ‘సింగిల్ ప్లేయర్’ అనే మాట ఉండదు. అంటే రెండో మనిషి లేకుండా మొదటి నిమిషం కూడా ముందుకు సాగదు. ఒంటరిగా కాసేపు ఆడి చూద్దామని కొనేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. అయితే ఈ గేమ్‌లో డబ్బు మిగిలే దారి ఒకటుంది. ఫ్రెండ్స్ పాస్ వల్ల ఒకరు కొంటే చాలు, రెండోవారు ఉచిత వెర్షన్ దించుకుని ఆట మొత్తం ఆడవచ్చు. అదే స్టూడియో 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్‌కూ ఈ పాస్ ఉంది. ఇంత పెద్ద సంగతి కుడి వరుసలో ఒక్క ముక్క కూడా ఉండదు. వివరణ చివరిదాకా చదివితేనో, స్టోర్‌లో గేమ్ పేరు విడిగా వెతికితేనో దొరుకుతుంది. ఇద్దరూ ఒకే తెరపై ఆడాలంటే పీసీలో కనీసం ఒక కంట్రోలర్ కావాలి, రెండోవారు కీబోర్డు, మౌస్‌తో నెట్టుకురావచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి రెండు కంట్రోలర్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక జనాన్ని బాగా తప్పుదారి పట్టించే లేబుల్ ‘రిమోట్ ప్లే టుగెదర్’. 2019లో వచ్చిన ఈ సదుపాయం మాకు ఎంతో ఇష్టం, కానీ ఇది ఆన్‌లైన్ కో-ఆప్ కాదు. గేమ్ నడిచేది హోస్ట్, అంటే ఆటకు పిలిచినవాళ్ల, ఒక్క కంప్యూటర్‌లోనే. ఆ తెర వీడియోగా మారి అవతలివాళ్లకు వెళుతుంది, వాళ్లు నొక్కిన బటన్లు వెనక్కి వస్తాయి. గేమ్‌కు మాత్రం అందరూ ఒకే గదిలో ఉన్నట్టే. అందుకే హోస్ట్ ఒక్కరు కొంటే చాలు, ఓవర్‌కుక్డ్ లాంటివి రెండిళ్ల మధ్య ఆడుకోవడానికి ఇదొక మార్గం. గేమ్ మొదలుపెట్టి షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కండి. ఫ్రెండ్స్ జాబితాలో పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘రిమోట్ ప్లే టుగెదర్’ ఎంచుకోండి. వాళ్లు ఒప్పుకోగానే వాళ్ల కంట్రోలర్ మీ గేమ్‌లో రెండో ఆటగాడిగా కనిపిస్తుంది.

ఇది చెడేది ఎక్కువగా హోస్ట్ వైపే. మన అపార్ట్‌మెంట్లలో ఒక్కో అంతస్తుకు నాలుగైదు రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి. ప్లాన్ 200 ఎంబీపీఎస్ ఉన్నా వైఫై మీద వీడియో బయటికి పంపుతుంటే బొమ్మ ముక్కలుముక్కలవుతుంది. హోస్ట్ కంప్యూటర్‌కు కేబుల్ వేయండి. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. అప్పటికీ ఆగిఆగి వస్తుంటే సెట్టింగుల్లో రిజల్యూషన్ 720పీకి దించండి. నెట్ ప్లాన్ మార్చడం కంటే ఇవే ఎక్కువ పనిచేశాయి. స్ట్రాటజీ గేమ్‌లకు, వంటలాటలకు ఇది బాగానే సరిపోతుంది. కప్‌హెడ్ లాంటి వాటిలో రెప్పపాటు ఆలస్యం కూడా ప్రాణం తీస్తుంది కాబట్టి అవతలి మనిషికి చిరాకే మిగులుతుంది.

‘ల్యాన్ కో-ఆప్’ (ఒకే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల మధ్య ఆడటం) గురించి అడిగేవాళ్లు ఎక్కువగా అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లు. రెండు ల్యాప్‌టాప్‌లూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనిపించవు. కారణాలు రెండు. ఒకటి, హాస్టల్ రౌటర్‌లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుగోడ పెట్టి ఉంటుంది. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండింటినీ దానికి కలపండి. ఆటకు ఖర్చయ్యే డేటా చాలా తక్కువ. రెండోది, విండోస్‌లో ఆ నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉంటే ఫైర్‌వాల్ ఆపేస్తుంది. ‘ప్రైవేట్’కు మార్చితే గేమ్ జాబితాలో కనిపిస్తుంది.

‘ఆన్‌లైన్ కో-ఆప్’ అని స్పష్టంగా రాసి ఉన్నా మూడు సంగతులు పేజీలో తేలవు: ఎంతమంది, ఆటలో ఎంత భాగం, ముందుకెళ్లింది ఎవరి ఖాతాలో.

ఎంతమంది అన్నదానికి స్టీమ్‌లో గడే లేదు. దీన్ని మేం చాలా పెద్ద లోపంగా చూస్తాం. 2025 మేలో వచ్చిన ఎల్డెన్ రింగ్ నైట్‌రెయిన్ విడుదలనాడు ఒంటరిగా ఆడవచ్చు, ముగ్గురు ఆడవచ్చు. ఇద్దరు స్నేహితులు కొంటే మూడో స్థానంలో ఎవరో తెలియని మనిషి రావాల్సిందే. ఇద్దరి మోడ్ జులై చివర్లో అప్‌డేట్‌గా వచ్చింది. ఈ రెండు నెలలూ లేబుల్ మాత్రం ఉత్త ‘ఆన్‌లైన్ కో-ఆప్’. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఇలాంటి చోట పక్కనే బ్రాకెట్లో 2-4 అని అంకె వేస్తారు. ప్లేస్టేషన్ స్టోర్ కూడా ఆన్‌లైన్‌లో ఎంతమందో, పీఎస్ ప్లస్ చందా కావాలో అక్కర్లేదో చెబుతుంది. ఈ ఒక్క విషయంలో కన్సోల్ స్టోర్లు ఎంతో నయం. ఇంకో పీసీ స్టోర్ ఎపిక్‌లో చాలా పేజీల్లో పొడిపొడిగా ‘కో-ఆప్’ అని ఉంటుంది, ఒకే గదిలోనా వేరే ఇళ్లలోనా అన్నది కూడా తేలదు.

ఆటలో ఎంత భాగం అన్నది ఇంకా చిక్కు. పోర్టల్ 2లో కో-ఆప్ కథ వేరు, ఒంటరి కథ వేరు. ప్రధాన కథ ఇద్దరూ కలిసి ఆడలేరు. మాన్‌స్టర్ హంటర్ వరల్డ్‌లో కథ క్వెస్టుల్లో (అప్పగించిన పనుల్లో) కట్‌సీన్ (మధ్యలో వచ్చే కథ వీడియో) ఎవరికి వాళ్లు ముందు చూడాలి, ఆ తర్వాతే ఒకరు ఇంకొకరి దగ్గరికి చేరగలరు. ఎల్డెన్ రింగ్‌లో బాస్ (పెద్ద శత్రువు) చనిపోగానే పిలిపించుకున్న స్నేహితుడు తన లోకానికి వెళ్లిపోతాడు, మళ్లీ పిలవాలి. ఈ తేడాలేవీ పేజీలోని లేబుల్ చెప్పదు.

మూడోది, అంటే ముందుకెళ్లింది ఎవరి ఖాతాలో అన్నది, అన్నిటికంటే ఎక్కువగా స్నేహాలు చెడగొట్టేది. ఫార్ క్రై 5లో కథ, మిషన్లు ముందుకెళ్లడం హోస్ట్‌కే లెక్క. అతిథికి డబ్బు, ఆయుధాలు మిగులుతాయి కానీ తన సేవ్ (దాచుకున్న ఆట) తెరిస్తే మ్యాప్ ఎక్కడిదక్కడే. స్టార్‌డ్యూ వ్యాలీలో పొలం హోస్ట్ కంప్యూటర్‌లో ఉంటుంది, హోస్ట్ తెరవకపోతే మిగతావాళ్లు అడుగుపెట్టలేరు. కాబట్టి ఎక్కువ తీరిక ఉన్నవాళ్లు హోస్ట్‌గా ఉండటం మంచిది. స్టార్‌డ్యూ 2016లో వచ్చినప్పుడు ఒంటరి ఆట. మల్టీప్లేయర్ 2018లో, స్ప్లిట్ స్క్రీన్ 2020 డిసెంబరులో చేరాయి. 2024 మార్చి అప్‌డేట్‌తో పీసీలో 8 మంది దాకా ఆడవచ్చు. పాత సమీక్షలు చదివి ఈ గేమ్‌ను పక్కన పెట్టినవాళ్లు మళ్లీ ఒకసారి పేజీ చూడండి.

‘క్రాస్-ప్లాట్‌ఫామ్ మల్టీప్లేయర్’ అనే లేబుల్ ఏ ప్లాట్‌ఫామ్‌తో ఏది కలుస్తుందో చెప్పదు. ఒకరికి మైక్రోసాఫ్ట్ చందా సేవ గేమ్ పాస్, ఇంకొకరికి స్టీమ్ ఉండటం మన దగ్గర మామూలే. డీప్ రాక్ గెలాక్టిక్‌లో ఈ రెండూ కలవవు, ఇద్దరూ పీసీ మీదే ఆడుతున్నా సరే. మైన్‌క్రాఫ్ట్‌లో జావా ఎడిషన్, బెడ్‌రాక్ ఎడిషన్ ఒకే సర్వర్‌లో మామూలుగా కలవవు. స్నేహితుడు ఏది కొన్నాడో స్టోర్ పేరుతో సహా అడిగి, అదే కొనండి.

ఇంటి నుంచే సర్వర్ నడపాలనుకునేవాళ్లకు ఒక పరీక్ష. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చే చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచుతోందని అర్థం. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లకు రౌటర్‌లో దారి తెరవడం) ఎంత చేసినా బయటివాళ్లు మీ సర్వర్‌కు రాలేరు. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఉండే, మారని చిరునామా) అడగండి. స్టీమ్ ఇన్వైట్ మీద నడిచే చాలా గేమ్‌లకు ఈ బాధ లేదు, అవి స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ రిలే (మధ్యవర్తి సర్వర్ల) గుండా పోతాయి.

ఇంట్లోవాళ్లు కొన్న గేమ్‌లను పంచుకునే స్టీమ్ ఫ్యామిలీస్‌ను కూడా కొందరు తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. 6 మంది లైబ్రరీలు కలుస్తాయి, నిజమే. కానీ ఒక కాపీని ఒకేసారి ఒక్కరే ఆడగలరు. అన్నదమ్ములిద్దరూ ఒకే గేమ్‌లో కలిసి దిగాలంటే కుటుంబంలో రెండు కాపీలు ఉండాలి.

ఇన్ని చూసుకున్నా తప్పు జరగవచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే రీఫండ్ వస్తుంది. గేమ్ తెరిచి ఉన్న ప్రతి నిమిషమూ ఆడినట్టే లెక్క, లాబీలో స్నేహితుడి కోసం ఎదురుచూసిన అరగంట కూడా. అందుకని ఇద్దరూ ఒకేసారి కొనకుండా ముందు ఒకరే కొని, మొదటి పది నిమిషాల్లో మెనూలో స్నేహితుణ్ని పిలిచే చోటుందో లేదో చూడండి. ఉంటేనే రెండో కాపీ. కో-ఆప్ ఆలస్యంగా తెరుచుకునే గేమ్‌లలో ఇది సరిపోదు. డయింగ్ లైట్ 2లో ప్రోలాగ్ (తొలి ఘట్టం) పూర్తయ్యేదాకా ఎవరినీ పిలవలేం, అక్కడికి చేరేసరికే గంటలు కరిగిపోతాయి. అలాంటి వాటికి స్టోర్ పేజీలోని డిస్కషన్స్‌లో ముందే అడగాలి. ప్లేస్టేషన్‌లో అయితే డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లోనే లోపం ఉంటే తప్ప, డబ్బు వెనక్కి రాదు. చూసుకోవాల్సినవన్నీ అక్కడ ఆ బటన్ నొక్కకముందే అయిపోవాలి.