ఉదయగిరి, కనిగిరి మీదుగా మార్కాపురం: అక్క వాళ్లింటికి మెట్ట దారిలో

మార్కాపురంలో మా పెద్దక్క వాళ్లుంటారు. నెల్లూరు నుంచి ఎప్పుడు వెళ్లినా హైవే ఎక్కి ఒంగోలు, అక్కడి నుంచి పొదిలి మీదుగా పోవడమే మాకు అలవాటు. ఈ ఫిబ్రవరిలో మాత్రం అమ్మను, పిల్లలను ఎక్కించుకుని లోపలి దారి పట్టాను: ఆత్మకూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి. "ఆ దారిలో ఏముంది, చిల్లచెట్లూ ఎండా తప్ప" అన్నాడు బావ ఫోన్లో. నాకు ఆ ఎండిన నేలంటేనే ఇష్టం, చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన నేల అది.

సంగం దగ్గర పెన్నా బ్యారేజీలో నీళ్లు, రోడ్డుకు రెండు పక్కలా వరి. ఆత్మకూరు దాటాక ఆ పచ్చదనం తగ్గుతూ పోయి ఎర్రనేల, రాళ్లగుట్టలు, కంది కోసిన చేలు, అక్కడక్కడా ఆకు ఒక్కటి లేకుండా ఒళ్లంతా పూసిన మోదుగ చెట్లు, ఇంకా ముందుకు పోతే దూరాన వెలిగొండల వరస. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు.

ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టిందంటారు, కింద నిలబడి ఆ కొండను చూస్తే ఎందుకు పట్టిందో తెలిసింది. పెద్దవాళ్లతో ఎక్కే కొండ కాదు. ఎక్కాలనుకుంటే తెల్లవారకముందే నీళ్లు మోసుకుని మొదలుపెట్టండి. మేము ఊళ్లోకి వెళ్లి కొయ్య చెంచాలు కొన్నాం. నర్ది కొయ్యతో చేత్తో చెక్కిన గరిటెలు, ఫోర్కులు, ఒక్కో పిడి మీద ఎంత సన్నటి పనో. దయచేసి అక్కడ బేరమాడకండి.

భైరవకోనకు కొంచెం పక్కకు తిరగాలి, తప్పకుండా తిరగండి. ఒకే కొండను తొలిచిన 8 శివాలయాలు, పక్కనే జలపాతం. మేము వెళ్లినప్పుడు ధార సన్నగానే ఉంది, అయినా ఆ కోనలో చల్లదనం తగిలేసరికి పొద్దుటి నుంచి పడ్డ ఎండంతా మరిచిపోయాం. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం. ధార నిండుగా చూడాలంటే వానలు పడ్డాక వెళ్లాలి.

బస విషయంలో మాత్రం జాగ్రత్త. చీకట్లో నడపడం ఇష్టం లేక కనిగిరిలో ఆగాం. ఫోన్లో మాట్లాడుకున్న లాడ్జిలో ఏసీ పనిచేయలేదు, దుప్పట్లు మార్చలేదు, అడిగితే "ఒక్క రాత్రే కదా సార్" అన్నారు. అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చాక ఆ మాట వినాల్సి రావడం చాలా బాధేసింది. అడ్వాన్సు వదులుకుని ఇంకో లాడ్జికి మారాం. 1,200 రూపాయలు, చిన్న గదే, కానీ శుభ్రంగా ఉంది, అడక్కుండానే తాగడానికి నీళ్ల క్యాన్ పెట్టారు. ఈ వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, దానివల్ల పళ్లు, ఎముకలు దెబ్బతిన్నవాళ్లు ఎన్నో ఊళ్లలో ఉన్నారు, కాబట్టి కుళాయి నీళ్లు తాగకండి. గది చూడకుండా డబ్బులు కూడా కట్టకండి.

పొద్దున్నే బయల్దేరి టిఫిన్ల వేళకు అక్క వాళ్లింట్లో ఉన్నాం. పిల్లలకు బావ మార్కాపురం పలకలు కొనిపెట్టాడు, రాతి పలక మీద బలపంతో రాయడం వాళ్లకి అదే మొదటిసారి. సాయంత్రం డాబా మీద కూర్చుంటే మాట వెలిగొండ ప్రాజెక్టు మీదికి మళ్లింది. శంకుస్థాపన 1996లో జరిగింది. అప్పటికి అక్కకి పెళ్లి కూడా కాలేదు, ఇప్పుడు తన కూతురు డిగ్రీ చదువుతోంది. కృష్ణా నీళ్లు వస్తే మా మామయ్య వాళ్ల నాలుగెకరాలు బీడు పడేవి కావని అక్క అంటుంటే ఎవ్వరం మాట్లాడలేకపోయాం.

తిరుగు ప్రయాణం శనివారం పెట్టుకున్నాం, మాలకొండ కోసం. లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో ఆ ఒక్కరోజే తెరుస్తారు, మీరూ రోజు చూసుకుని బయల్దేరండి. జనం బాగా ఉన్నారు, అమ్మను నెమ్మదిగా నడిపించుకుంటూ దర్శనం చేయించేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి నుంచి కందుకూరు, హైవే, దీపాలు పెట్టే వేళకి నెల్లూరు. డిక్కీ తెరిస్తే అక్క మాకు చెప్పకుండా పెట్టిన బత్తాయిల సంచి, దాని పక్కన రెండు నీళ్ల క్యాన్లు.