క్రిమినాలజీ, సోషియాలజీ కలిపి మూడేళ్లు చదివాక

ఇంగ్లండ్‌లో క్రిమినాలజీ (నేరాల గురించిన చదువు), సోషియాలజీ (సమాజం గురించిన చదువు) రెండూ కలిపి జాయింట్ ఆనర్స్ డిగ్రీ చేశాను, పూర్తయి రెండేళ్లు దాటింది, ఇప్పటికీ మనవాళ్లు ఎవరో ఒకరు మెసేజ్ పెట్టి "ఫోరెన్సిక్ నేర్పిస్తారా?" అని అడుగుతుంటారు. నేర్పించరు. వేలిముద్రలు, డీఎన్‌ఏ కావాలంటే అది వేరే సైన్స్ కోర్సు. ఇక్కడంతా చదవడం, రాయడం, కాస్త స్టాటిస్టిక్స్.

మొదటి ఏడాది దేని దారి దానిదే. రుచి తెలిసింది రెండో ఏడాదిలో, అమెరికా సోషియాలజిస్ట్ హోవార్డ్ బెకర్ 1963లో రాసిన లేబులింగ్ (ముద్ర వేయడం) పాఠం వచ్చిన రోజు. ఒక పనికి నేరమనే ముద్ర వేసేవాళ్లు ఉంటారు, ముద్ర పడ్డాక ఆ మనిషికి మిగతా దారులు మూసుకుపోతాయి అని లెక్చరర్ చెబుతుంటే నాకు స్టూవర్టుపురం గుర్తొచ్చింది. మా అమ్మమ్మ వాళ్లది చీరాల. రైలు బాపట్ల దాటగానే అమ్మ చెవి కమ్మలు తీసి చేతిరుమాల్లో ముడివేసి దాచుకునేది, పెట్టెలో ఎవరో ఒకరు "స్టూవర్టుపురం వస్తోంది, సామాన్లు జాగ్రత్త" అనేవారు. ఆ ఊరు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన బ్రిటిష్ వాళ్ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అని, 1871 నాటి ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిందని నాకు తెలిసింది అక్కడి లైబ్రరీలో. చట్టం దేశమంతటా 1952 నాటికి పోయింది, కమ్మలు తీయడం మాత్రం నా చిన్నతనం దాకా పోలేదు. డిజర్టేషన్ (చివరి ఏడాది రాసే పెద్ద పరిశోధన వ్యాసం) దీనిమీదే రాశాను, పదివేల పదాలు. అమ్మకు ఫోన్లో చదివి వినిపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అక్కడ మనమెప్పుడూ దిగనే లేదు కదరా" అంది.

ఒక్క క్రిమినాలజీయే చదివుంటే పోలీసు లెక్కల దగ్గరే ఆగిపోయేవాణ్ని. అసలు పోలీసుల దాకా రాని నేరాల సంగతేంటి? ఇంగ్లండ్, వేల్స్‌లో జనాన్నే నేరుగా అడిగే క్రైమ్ సర్వే 1980ల నుంచి ఉంది. మన దేశంలో పోలీసు కేసుల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీలో ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఇది తెలిశాక పేపర్లో నేరాలు పెరిగాయన్న వార్త కనబడితే ముందు ఎలా లెక్కపెట్టారో చూస్తాను.

విసిగించింది మాత్రం రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య నలగడం. మూడు ఎస్సేలకు ఒకే వారంలో గడువు, రెఫరెన్సులు ఒకరికి ఒక పద్ధతి, ఇంకొకరికి ఇంకో పద్ధతి, నా డిజర్టేషన్‌కి గైడ్ ఎవరో తేలడానికే ఆరు వారాలు పట్టింది, ఆ టెన్షన్‌లో నిద్ర ఉండేది కాదు. చేరేముందే డిజర్టేషన్ ఏ డిపార్ట్‌మెంట్ చూస్తుందో మెయిల్ పెట్టి అడగండి.

ఉద్యోగాల సంగతి: "క్రిమినాలజిస్ట్" అనే పోస్టులు చాలా తక్కువ. ప్రొబేషన్ ఆఫీసర్ (శిక్ష పడి జైలు బయట ఉన్నవాళ్లను చూసుకునే అధికారి) కావాలంటే మళ్లీ వేరే ట్రైనింగ్ ఉంటుంది, పోలీసులో చేరాలంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు కావాలి, స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. నేను జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు అద్దె ఇల్లు, పని వెతికిపెట్టే చిన్న సంస్థలో చేస్తున్నాను. జీతం తక్కువే, కానీ రోజూ వాడుతున్నది ఆ మూడేళ్ల చదువునే.