ఎల్లిస్ పార్క్ టెస్టుకి ముందు కొనదగ్గ బంతి: తిరుపతి నేల మీద గిల్బర్ట్ జీ-టీఆర్4000

తిరుపతిలో రగ్బీ అభిమానులంతా ఒక్క షేర్ ఆటోలో పట్టేస్తారని వెక్కిరించేవాళ్ళున్నారు. పట్టనీండి. ఆ ఆటోలో ఇప్పుడు నడిచే మాటంతా ఒక తేదీ గురించే: 2026 ఆగస్టు 22. ఆ రోజు జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ మొదటి రగ్బీ టెస్టు, అంటే దేశాల జట్ల మధ్య మ్యాచ్. 29న కేప్‌టౌన్‌లో రెండోది, సెప్టెంబర్ 5న మళ్ళీ జొహానెస్‌బర్గ్‌లో మూడోది, 12న అమెరికాలోని బాల్టిమోర్‌లో నాలుగోది. 2025 సెప్టెంబర్‌లో న్యూజిలాండ్‌లోని ఈడెన్ పార్క్‌లో ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) 24–17తో గెలిచారు. సరిగ్గా వారానికి వెల్లింగ్టన్‌లో స్ప్రింగ్‌బాక్స్ (దక్షిణాఫ్రికా జట్టు) 43–10తో దానికి బదులు తీర్చేశారు. ఆ లెక్క ఇంకా తెగలేదు.

మ్యాచ్ వచ్చేలోపు నాలుగు పాస్‌లు వేసుకుందాం, రెండు కిక్‌లు కొడదాం అని బంతి కొనాలనుకునేవాళ్ళ కోసం ఈ రివ్యూ. మా ఓటు గిల్బర్ట్ జీ-టీఆర్4000కి, అదీ పెద్దవాళ్ళ సైజు 5కి. ఇది మ్యాచ్ బంతి కాదు, ప్రాక్టీసు బంతి. చేత్తో కుట్టింది, పైన రబ్బరు. 2019 ప్రపంచకప్‌లో ఆడిన సిరియస్, 2023లో ఆడిన ఇన్నోవో లాంటి మ్యాచ్ బంతులు పచ్చిక కోసం పుట్టినవి. వాటి పైపొర మెత్తగా, పట్టు ఎక్కువగా ఉంటుంది, అరుగుదలా అంతే తొందర. ఇందిరా మైదానంలో గులకరాళ్ళు తేలిన మూల దాన్ని దొర్లించారంటే డబ్బు నేలపాలే. ప్రాక్టీసు బంతి పైరబ్బరు గట్టిది. చేతికి అంత హాయిగా అంటుకోదు కానీ మన నేలకి తట్టుకుంటుంది.

వెయ్యి లోపు దొరికే అచ్చు రబ్బరు బంతులు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలు ఆడుకోడానికి పర్వాలేదు. కిక్ నేర్చుకోవాలనుకునే వాళ్ళకి మాత్రం అవి పనికిరావు. వాటిలో కుట్టు ఉండదు, పైన గీతలు అచ్చు వేసి ఉంటాయి. లోపల బట్ట పొరలు తక్కువ కావడంతో గాలి నింపేకొద్దీ నడుము దగ్గర ఉబ్బి, రెండు కొసలూ మొద్దుబారతాయి. కొసలు మొద్దుబారిన బంతి తిరుగుడు పాస్‌లో గాల్లోనే ఊగిసలాడుతుంది. మీ చేతిది తప్పో బంతిది తప్పో తెలియక నెల రోజులు గడిచిపోతాయి.

అసలు మోసం వేరే చోట ఉంది. ఆన్‌లైన్‌లో ‘రగ్బీ బాల్’ అని వెతికితే సగం ఫొటోల్లో కనిపించేది అమెరికన్ ఫుట్‌బాల్. తెల్ల లేసు కుట్లు కనిపించాయంటే అది రగ్బీ బంతి కాదు, అక్కడితో ఆపేయండి. ఫొటో తేలకపోతే కొలతలు అడగండి. రగ్బీ నియమావళి ప్రకారం బంతి పొడవు 280 నుంచి 300 మిల్లీమీటర్లు, కొసల మీదుగా చుట్టుకొలత 740 నుంచి 770, నడుము చుట్టుకొలత 580 నుంచి 620, బరువు 410 నుంచి 460 గ్రాములు. అమెరికన్ బంతి నడుము 54 సెంటీమీటర్లు దాటదు. టైలర్ టేపు ఒక్కటి చాలు, తేడా రెండు నిమిషాల్లో బయటపడుతుంది. సన్నటి ఆ బంతి ఒంటిచేత్తో విసరడానికి తయారైంది. దాన్ని రెండు చేతులతో రగ్బీ పాస్‌కి వాడితే వేళ్ళు కుదురుగా కూర్చోవు.

ఊళ్ళో స్పోర్ట్స్ షాపుల్లో అడగడం తప్పు కాదు, కానీ ఆశ పెట్టుకోకండి. క్రికెట్, షటిల్, వాలీబాల్ సరుకుకే అక్కడ చోటు చాలదు. ఆర్డరిస్తే తెప్పించేవాళ్ళు దొరకవచ్చు. చెన్నై వెళ్ళే పనుంటే పెరియమేడు వైపు స్పోర్ట్స్ షాపుల్లో నాలుగు రకాలు పట్టుకుని చూసి తెచ్చుకోవడం మేలు. పట్టు సంగతి చేత్తో చూస్తే తప్ప ఫొటోలో తెలియదు కదా.

బంతి గాలి లేకుండా, మడతపడి వస్తుంది. వచ్చిన వెంటనే ఒక్క దమ్ములో నిండా గాలి కొట్టకూడదు. మడతల్లో బ్లాడర్ (లోపలి గాలి సంచి) ఒకవైపు అంటుకుని ఉంటే ఆ పక్క సాగక, బంతి వంకరగా నిలిచిపోతుంది. ముందు సగం గాలి, అంటే 5 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) దాకా కొట్టి, చేతులతో నాలుగు వైపులా అదిమి, ఒక పూట వదిలేయండి. తర్వాత మిగిలింది నింపండి. ఫుట్‌బాల్, వాలీబాల్‌కి వాడే పంపు సూదే దీనికీ సరిపోతుంది. సూదిని పొడిగా గుచ్చితే వాల్వ్ రబ్బరు చిరుగుతుంది. ఒక చుక్క గ్లిజరిన్ రాసి, నిటారుగా, కొద్దిగా తిప్పుతూ దించండి. ఏటవాలుగా గుచ్చితే సూది మొన బ్లాడర్‌కి తగులుతుంది. కొత్త బంతి మొదటి వారంలోనే గాలి పోయిందంటే పది సార్లలో ఎక్కువ సార్లు తప్పు ఈ సూదిదే, కంపెనీది కాదు.

ఎంత గాలి? నియమావళి లెక్క 65.71 నుంచి 68.75 కిలోపాస్కల్స్, అంటే 9.5 నుంచి 10 పీఎస్ఐ. ఇక్కడే మన వాళ్ళు బంతిని చంపేస్తారు. పంచర్ షాపుకి తీసుకెళ్ళి కంప్రెసర్‌తో కొట్టిస్తారు. బైకు టైర్లకి 28, కార్లకి 32 కొట్టే చేయి అది. మూడు సెకన్లలో బంతి గుమ్మడికాయ అయిపోతుంది, కుట్లు సాగుతాయి, సాగిన కుట్టు మళ్ళీ బిగుసుకోదు. చేతి పంపుతోనే కొట్టండి. గేజ్ ఉన్న చిన్న పంపు కొంటే ఇంకా మంచిది. గేజ్ లేకపోతే రెండు బొటనవేళ్ళతో నడుము దగ్గర గట్టిగా అదమండి. కొద్దిగా లోపలికి దిగి వెంటనే పైకి రావాలి. అసలు దిగకపోతే గాలి ఎక్కువ, దిగి గుంట నిలిచిపోతే తక్కువ.

తిరుపతి ఎండకి ఇంకో లెక్క ఉంది. ఉదయం 30 డిగ్రీల దగ్గర 10 పీఎస్ఐ నింపి, బంతిని కారులో పెట్టి ఎండలో వదిలేశారనుకోండి. లోపల 60 డిగ్రీలకు చేరితే అదే గాలి 12 పీఎస్ఐ దాటుతుంది. గాలి పెరగలేదు, వేడికి ఒత్తిడి పెరిగింది. పైగా ఆ వేడికి పొరల మధ్య జిగురు మెత్తబడి, బంతి మీద బుడిపెలు లేస్తాయి. బుడిపె లేచిన బంతికి మందు లేదు. కాబట్టి ఇక్కడ 9.5 దగ్గరే ఆపి, బంతిని నీడలో ఉంచండి. లేటెక్స్ బ్లాడర్ అయితే వారంలో కొంత గాలి దానంతటదే తగ్గుతుంది. అది లోపం కాదు. బ్యూటైల్ బ్లాడర్ గాలిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది కానీ తగిలితే గట్టిగా ఉంటుంది.

పైనున్న చిన్న చిన్న బొబ్బల్లాంటి చుక్కల వల్లే పట్టు. కొత్త బంతి మీద అచ్చు తాలూకు జారుడు పొర ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు కలిపి గుడ్డతో తుడిస్తే పోతుంది. పునుగులు తిన్న చేతులతో పాస్ పట్టుకుని, బంతికి గ్రిప్ లేదని స్టార్ తగ్గించకండి. వాన చినుకుల్లో ఆడాక నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. గులకనేల మీద మొదట అరిగేవి కొసల దగ్గరి చుక్కలు, ఎందుకంటే దొర్లే బంతి అక్కడే ఎక్కువగా నేలకి రాసుకుంటుంది. నడుము దగ్గర చుక్కలు బాగున్నంత వరకు పాస్‌కి ఇబ్బంది లేదు.

ఇక కంప ముళ్ళు. మైదానం అంచున సీమ తుమ్మ ఉందంటే పంచర్ గురించి ముందే ఆలోచించుకోవాలి. కుట్టు బంతి అయితే వాల్వ్ దగ్గర కాకుండా వేరే అంచున నాలుగు కుట్లు విప్పి, బ్లాడర్ బయటికి లాగి, సైకిల్ ట్యూబు ప్యాచ్ పల్చగా వేసి, మళ్ళీ దబ్బనంతో కుట్టించుకోవచ్చు. చెప్పులు కుట్టేవాళ్ళకి ఇది తెలిసిన పనే, కాకపోతే దారం మైనం రాసిందై ఉండాలి. ఫుట్‌బాల్ బ్లాడర్ పెట్టించకండి. గుండ్రటి బ్లాడర్ కోలబంతి కొసల దాకా సాగదు, కిక్ కొట్టినప్పుడు లోపలే జరుగుతుంది. అచ్చు రబ్బరు బంతి పంచరైతే విప్పడానికి కుట్టే లేదు, పారేయడమే. ప్రాక్టీసు బంతికి ఎక్కువ ధర పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

నేల సంగతి చెప్పాక బౌన్స్ సంగతి చెప్పాలి. డ్రాప్ కిక్‌లో, అంటే చేతిలోంచి వదిలి కొట్టే కిక్‌లో, బంతి నేలకి తగిలి లేచాకే కాలు తగలాలి. పచ్చిక మీద అది తక్కువగా లేస్తుంది, మన గట్టి నేల మీద మోకాలి దగ్గరికి ఎగురుతుంది. టీవీలో చూసిన టైమింగ్ ఇక్కడ పట్టదు. కాలు ఒక్క క్షణం ముందే కదలాలి, బంతిని నడుము కంటే కింద నుంచి వదలాలి. కొస కిందికి, కొద్దిగా మీ వైపు వాలేలా వదిలితే నిటారుగా లేస్తుంది. అడ్డంగా పడిందా, ఎటు పోతుందో దానికే తెలీదు. 1995 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇదే ఎల్లిస్ పార్క్‌లో, అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ డ్రాప్ కిక్‌తో కొట్టిన గోల్‌తోనే దక్షిణాఫ్రికా 15–12తో గెలిచింది. ఆ కిక్ ఎంత కష్టమో ఈ నేల మీద పది సార్లు ప్రయత్నిస్తే అర్థమవుతుంది.

నేల మీద పెట్టి కొట్టే కిక్‌కి టీ, అంటే బంతిని నిలబెట్టే చిన్న పీట, కావాలి. కొనకపోయినా ఫర్వాలేదు. స్వర్ణముఖి ఇసుక కొద్దిగా తడిపి కుప్ప చేస్తే చాలు. ప్లాస్టిక్ టీలు రాకముందు అందరూ ఇసుక కుప్ప మీదే కొట్టేవాళ్ళు. బంతి కుట్టు మీకు ఎదురుగా, నిలువుగా ఉండాలి, వాల్వ్ పాదానికి తగిలే చోట ఉండకూడదు. ట్రై (బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకి ఆనించడం) తర్వాత కన్వర్షన్ (స్తంభాల మధ్యకి కొట్టే అదనపు కిక్) కొట్టడానికి ఇప్పుడు 60 సెకన్లే ఇస్తున్నారు, 2024కి ముందు 90 ఉండేవి. ఫోనులో టైమర్ పెట్టుకుని కొట్టి చూడండి. 2023 ప్రపంచకప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 12 పాయింట్లూ హాండ్రే పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలే (ఎదుటి జట్టు తప్పు చేస్తే దక్కే కిక్‌లు). న్యూజిలాండ్ 11 దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం, బోడెన్ బారెట్ ట్రైకి రిచీ మోఉంగా కన్వర్షన్ తప్పడం. రెండు పాయింట్ల కిక్ అది, ఓడింది ఒక్క పాయింటుతో. తర్వాత జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన పెనాల్టీ కూడా పక్కకి పోయింది.

ఎల్లిస్ పార్క్ కిక్‌లు చూసి మన కిక్‌లతో పోల్చుకుని దిగులుపడక్కర్లేదు. జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 200 మీటర్లకు లోపే. అక్కడ గాలి పల్చన, బంతికి అడ్డు తక్కువ, అదే కాలు అక్కడ ఇంకొన్ని మీటర్లు ఎక్కువ కొడుతుంది. అందుకే అక్కడ సగం మైదానం నుంచి కూడా పెనాల్టీకి ధైర్యం చేస్తారు. మూడో టెస్టు కూడా ఆ ఊళ్ళోనే కాబట్టి దూరపు కిక్‌లు మళ్ళీ చూడొచ్చు. కేప్‌టౌన్ సముద్రం పక్కనే, అక్కడ ఈ లెక్క చెల్లదు.

అక్కడి టైమ్‌కి మూడున్నర గంటలు కలిపితే మనది. దక్షిణాఫ్రికాలో సాయంత్రం 5కి మొదలైతే ఇక్కడ రాత్రి 8:30. బాల్టిమోర్‌కి తొమ్మిదిన్నర గంటలు కలపాలి, అక్కడ సాయంత్రం 4 అంటే మనకి తెల్లారితే ఆదివారం అనగా అర్ధరాత్రి దాటి 1:30. మ్యాచ్ నాటి సాయంత్రం బంతి ఆడాలనుకునేవాళ్ళు టచ్ రగ్బీతో, అంటే పట్టి పడేయకుండా చేత్తో తాకితే చాలనే ఆటతో, సరిపెట్టుకోండి. గట్టి నేల మీద ట్యాక్లింగ్ (పట్టుకుని కింద పడేయడం) అంటే భుజమో మోచెయ్యో పోగొట్టుకోవడమే.

పిల్లలకి కొనేవాళ్ళు సైజు మార్చాలి. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి 3, పది నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి 4. పెద్ద బంతి ఇస్తే చిన్న చేతులు దాన్ని ఛాతీకి హత్తుకోవడానికే అలవాటుపడతాయి, పాస్ నేర్చుకోరు. రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌ని చూసి సెవెన్స్ మీద మనసు పడ్డ కుర్రాళ్ళకి వేరే బంతి అక్కర్లేదు, ఏడుగురి ఆటకీ సైజు 5నే.

స్టార్లలో చెప్పాలంటే మన నేలకి నాలుగు, చేతి పట్టుకి మూడున్నర, కిక్‌కి నాలుగు. బంతి ఇంటికి చేరిన రోజే గాలి నింపి టేపు పెట్టి కొలవండి, వంటింటి తూకం మీద పెట్టి చూడండి, ఒక రాత్రి వదిలేసి తెల్లారి మళ్ళీ అదిమి చూడండి. నడుము దగ్గర ఒకవైపు ఉబ్బు కనిపించినా, కుట్టు మధ్య దారం వదులుగా ఉన్నా, మైదానానికి తీసుకెళ్ళక ముందే వాపసు పెట్టేయండి. మట్టి అంటిన బంతిని వెనక్కి తీసుకునే షాపు ఎక్కడా లేదు.