ఒంటిచక్రం సైకిలు: 20 అంగుళాలా, 24 అంగుళాలా?

విజయనగరంలో వ్యాయామానికీ సరదాకీ ఒంటిచక్రం సైకిలు కొనదలచిన నాకు తేలవలసినది చక్రం పరిమాణమే. పెడలు ఒక్క చుట్టు తిరిగితే 20 అంగుళాలది సుమారు 1.6 మీటర్లు, 24 అంగుళాలది సుమారు 1.9 మీటర్లు సాగుతుంది. రెండింటిలోనూ పెడళ్లు చక్రపు ఇరుసుకే బిగించి ఉండటంవల్ల, మామూలు సైకిలు మీదలా కాళ్లు ఆపేసి సాగిపోవడం కుదరదు. తొడలకూ నడుముకూ అసలు పని అక్కడే. పెద్ద చెరువు గట్టు వెంట దూరం పోవడానికి పెద్దదే హాయి. అయితే గోడ పట్టుకుని ఎక్కి, రెండు చుట్లు తిరగకముందే దిగిపోయే తొలి వారాల్లో చిన్నదే చెప్పినట్టు వింటుంది, సీటూ దాదాపు 2 అంగుళాలు కిందికుంటుంది. పడిన ప్రతిసారీ సీటు అంచులు నేలకు కొట్టుకుంటాయి గనుక, వాటికి ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూడాలి. అయోధ్యా మైదానంలో పొద్దున్నే నడిచేవారి నవ్వులు ఏది కొన్నా తప్పవు. నేను 20 అంగుళాలదే కొంటాను.